నాలుగో తలుపు: పసుపు కాస్తా పారాణి అయింది

ఇంట్లో పాత తలుపులకి కొత్త రంగు వేస్తున్నా. నాలుగోదానికి మూడోసారీ ఎర్రగానే తేలింది. తెల్లటి వాటర్‌బేస్డ్ ఎనామిల్ వేసిన తలుపుకి అడుగున జానెడు మేర పారాణి పెట్టినట్టుంది.

మిగతా మూడు తలుపులూ బాగా కుదిరాయి. రంగు పట్టు చూద్దామని వారం ఆగి బ్లేడుతో 2 మి.మీ. గళ్ళు కోసి, టేపు అంటించి లాగితే ఒక్క గడీ లేవలేదు. (పాత రంగులో సీసం ఉంటే ఆ దుమ్ము లేవకూడదని అన్నీ తడిపే రుద్దాను. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మా తలుపుల ఆయిల్ పెయింటేమో నాన్న పెళ్ళినాటిది.)

తగులుకుంది పూజగది తలుపే. గడపకు పసుపు రాసే చెయ్యి తలుపు అడుక్కీ తగులుతుంది. పగిలిన పాత రంగు సందుల్లోంచి అది చెక్కలోకి దిగింది. మరక 23 సెం.మీ. ఎత్తు, గొళ్ళెం వైపు ఇంకాస్త ఎక్కువ.

మొదటిసారి ప్రైమర్ వేసిన 20 నిమిషాలకు గులాబీరంగు తేలింది, మర్నాటికి పసుపైంది. డబ్బా పాతదేమో అనుకున్నా. రెండోసారి ముందు జిడ్డు వదలాలని చాకలి సోడా నీళ్ళతో కడిగా. కడుగుతుండగానే ఇటుకరంగు! అమ్మ చూసి, "పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందిరా?" అంది. సోడా క్షారమే కదా. నీళ్ళ రంగులోనూ కాస్త క్షారం ఉంటుంది. ఆరేటప్పుడు అందులోని అమ్మోనియా ఎగిరిపోయి మళ్ళీ పసుపు తేలుతుందని నా అంచనా. వెనిగర్ నీళ్ళతో తుడిస్తే ఎరుపు పోయింది గానీ మరక పోలేదు.

మూడోసారి స్పిరిట్‌లో కరిగించిన చపడా లక్క పూశాను. మరకలను ఆపడంలో దాన్ని మించింది లేదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ పసుపు నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లో ఇట్టే కరుగుతుంది. బ్రష్షుతో నాలుగుసార్లు రుద్దేసరికి పసుపంతా లక్కలోకే వచ్చేసింది. పైన నీళ్ళ రంగు తగలగానే మళ్ళీ పారాణి.

ఇక రంగంతా చెక్కదాకా గీకేసి, బందులు విప్పి, తలుపును డాబా మీద పెట్టాను. బట్టకంటిన పసుపు ఎండకే పోతుందని అమ్మ మాట. మధ్యలో 5 సెం.మీ. పట్టీ మాస్కింగ్ టేపుతో మూసి (టేపు మాత్రం 3ఎం కంపెనీది తప్ప కొనను) రెండ్రోజులు ఆగి చూస్తే, పట్టీ కింద పసుపు అలాగే ఉంది, చుట్టూ సగానికి సగం వెలిసింది. ఆషాఢం మబ్బులు, దొరికిందే నాలుగు గంటల ఎండ!

ఇంకో నాలుగు ఎండలు తగిలాక లక్కను ఈసారి స్ప్రేతో రెండు పల్చటి కోట్లు కొడతా, రుద్దే పనే ఉండదు. శ్రావణం వస్తే గడపకి మళ్ళీ పసుపు తప్పదు కాబట్టి అడుగున 25 సెం.మీ. ఇత్తడి రేకు కొట్టిద్దామని ఉంది. రేకెందుకు, అంతమేరా పసుపు రంగే వెయ్యమంటోంది అమ్మ. ఇంకా ఒప్పుకోలేదు.