పైపు పగిలిన ఇంటికి బీమా డబ్బు: విజయనగరంలో నా అనుభవం

పైపు పగిలి ఇల్లు తడిస్తే బీమా వాళ్ళు నిజంగా డబ్బు ఇస్తారా అని మా వీధిలో ఇప్పటికి చాలామంది అడిగారు. ఇస్తారు. అడిగినంత కాకపోయినా మాకు ఇచ్చారు. అయితే ఇల్లు తడిసిందా లేదా అన్నదాని కంటే ఆ నీళ్ళు ఎలా వచ్చాయన్నదే వాళ్ళకు ముఖ్యం. పైపు ఉన్నట్టుండి పగిలితే పాలసీలో చోటుంది. గోడలో నెలల తరబడి చెమ్మ ఊరితే చోటు లేదు. మా క్లెయిము మొదటి నుంచి చివరి దాకా ఈ రెండింటి మధ్యే నలిగింది.

మాది దాసన్నపేట వైపు కింద రెండు గదులు, పైన రెండు గదులున్న సొంత ఇల్లు. 2025 సంక్రాంతికి టెక్కలిలోని మా అత్తగారింటికి వెళ్ళాం. భోగి ముందురోజు తాళం వేసి, ముక్కనుమ మర్నాడు వచ్చి తీశాం. ఈలోగా పై అంతస్తు స్నానాలగదిలో గీజరు నుంచి వచ్చే పైపు గోడ లోపల విరిగింది. ట్యాంకు ఖాళీ అయ్యాక నీళ్ళు ఆగాలి కదా అంటారేమో. మా బోరు మోటారుకు ట్యాంకులో నీటిమట్టం తగ్గగానే దానంతట అదే ఆన్ అయ్యే పరికరం ఉంది. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ మోటారు శ్రద్ధగా నింపుతూనే ఉంది. ఆ పరికరం పెట్టించుకోమని పట్టుబట్టిన మా బావగారు ఆ పండగంతా మా పక్కనే కూర్చుని అరిసెలు తింటున్నారు.

కింది పడకగదిలో ఫాల్స్ సీలింగ్ ఒక మూల ఊడి మంచం మీద పడి ఉంది. ప్లైవుడ్ అలమరా తలుపులు ఉబ్బి చట్రంలో పట్టడం లేదు. పరుపులు రెండూ నానిపోయాయి. గోడకు పుట్టీ పెచ్చులుగా లేచింది. మా అమ్మాయి వీణ గోడవారన చాప మీద ఉండేది, దాని గుడ్డ సంచి పిండితే నీళ్ళు కారాయి.

మా వారు మోటారు ఆపి, మెయిన్ స్విచ్చు కట్టేశారు. పక్కింటి పిన్నిగారు ఎంతో ప్రేమగా చీపురు, బక్కెట్టు పట్టుకుని వచ్చేశారు. ఆవిడను గుమ్మంలోనే ఆపి, ముందు ప్రతి గదినీ ఫోనులో వీడియో తీశాను. నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవలసింది ఇంటివాళ్ళే. జరిగిన నష్టం, దాన్ని లెక్కకట్టడానికి వచ్చే సర్వేయరు కంటికి కనిపించేలా ఉంచవలసిందీ ఇంటివాళ్ళే. కాబట్టి వీడియో అయ్యాకే నీళ్ళు తోడాం, పరుపులు మేడ మీద ఎండేశాం, పాడైన ఒక్క వస్తువును కూడా బయట పారేయలేదు.

ప్లంబరు మర్నాడు పొద్దున గోడ కొట్టి, విరిగిన ఎల్బో, అంటే పైపు మలుపు దగ్గర అతికే ముక్క, బయటికి తీసి చెత్త గోనెలో వేయబోయాడు. నేను అడిగి తీసుకున్నాను. మా బోరు నీళ్ళు ఉప్పనివి. కుళాయి చుట్టూ చుక్క చుక్కగా కారితే చాలు, కొన్నాళ్ళకు తెల్లగా పొర గట్టిపడి గోకినా పోదు. ఈ ఎల్బో లోపల సన్నటి పొర ఉంది గానీ, విరిగిన అంచు మాత్రం శుభ్రంగా, కొత్తగా, కొబ్బరిచిప్ప పగలగొట్టినట్టు ఉంది. అక్కడ ఉప్పు జాడ లేదు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి తేదీ రాసి పెట్టాను. ప్లంబరు చేత కూడా, ఏం చూశాడో ఏం మార్చాడో రసీదు మీద నాలుగు ముక్కలు రాయించుకున్నాను.

ఆ తర్వాత పాలసీ వేట. ఇంటి రుణం ఇచ్చినప్పుడు బ్యాంకు వాళ్ళే బీమా చేయించారు. శాఖకు వెళ్ళి అడిగితే ఒక కాగితం ముద్రించి ఇచ్చారు. తీరా చదివితే అది రుణం తీసుకున్న మనిషికి ఏమైనా అయితే బాకీ తీర్చే బీమా. దానికీ ఇంటి గోడలకూ సంబంధం లేదు. రుణం తీసుకున్న చాలామంది ఇళ్ళలో ఈ రెండు కాగితాలూ ఒకే కవరులో ఉంటాయి, పేర్లు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నేను కదలకుండా కూర్చుంటే రెండోది, అసలు ఇంటి బీమా కాగితం, దొరికింది. దాని మీద భారత్ గృహ రక్ష అని ఉంది.

ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా ఒకే షరతులతో అమ్ముతున్న ఇంటి బీమా. ఏ సంస్థ దగ్గర తీసుకున్నా ప్రధానమైన షరతులు అవే. మన వైపు ఇంటి బీమా అనగానే 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ గుర్తొస్తాయి. తుపాను, వరద, అగ్నిప్రమాదం, భూకంపం ఉన్న ఆ జాబితాలోనే నీళ్ళ ట్యాంకులు, పైపులు పగలడం, పొంగిపొర్లడం కూడా ఉన్నాయి. ఇంటి విలువలో స్థలం ధర కలపరు, కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. మా ఇంటికి 22 లక్షలు రాశారు. సామానుకు విడిగా ఏమీ రాయకపోయినా ఇంటి మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, దానంతట అదే వర్తిస్తుంది. అంటే మాకు 4 లక్షల 40 వేలు. ఈ సంగతి పాలసీ అంటగట్టిన వాళ్ళు గానీ, ఏటా ప్రీమియం కోసుకున్న వాళ్ళు గానీ ఎప్పుడూ చెప్పలేదు. నగదు మాత్రం ఇందులోకి రాదు, నగలకు విడిగా చేయించుకోవాలి.

ఉచిత నంబరుకు ఫోను చేస్తే క్లెయిము నంబరు ఇచ్చారు. క్లెయిము చెప్పిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందాక 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. 2024లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన గడువులు ఇవి. మా సర్వేయరు విశాఖపట్నం నుంచి వచ్చారు. సర్వేయరు కంపెనీ ఉద్యోగి కారు, నియంత్రణ సంస్థ లైసెన్సు ఇచ్చిన మనిషి. ఆయన రుసుము కంపెనీయే కడుతుంది, మనం టీ ఇస్తే చాలు.

ఆయన నెమ్మదస్తులు. అలమరా తలుపు అంచు వేలితో నొక్కి చూశారు, సీలింగు ముక్కను తిరగేసి చూశారు, ఇల్లు ఎన్నాళ్ళు తాళంలో ఉందో రెండుసార్లు అడిగారు. చివరికి జేబులోంచి తాళంచెవి తీసి, పడకగది గోడకు అడుగున, గచ్చుకు జానెడు ఎత్తులో, పుట్టీని గీకారు. లోపల ముదురు మరక కనిపించింది.

“ఇది పాతది కదా మేడమ్” అన్నారు.

పాతదే. ఆ గోడకు అవతల సందు ఉంది. వానాకాలంలో అక్కడ నీళ్ళు నిలిచి అడుగున చెమ్మ ఎక్కుతుంది. ఆ మాటే చెప్పాను. ఆయన రాసుకున్నారు. అయితే ఏం రాసుకున్నారో కొన్నాళ్ళకు కంపెనీ ఉత్తరం వచ్చాక గానీ తెలియలేదు. నష్టం క్రమంగా జరిగిన నీటి ఊట వల్ల కలిగిందనీ, కాబట్టి పాలసీ పరిధిలోకి రాదనీ అందులో ఉంది.

మా వారు అది చదివి, “పోనీ వదిలెయ్, మనకు ప్రాప్తం లేదు” అన్నారు. ప్రాప్తం సంగతి తర్వాత, ముందు సర్వే నివేదిక నకలు పంపమని రాశాను. అడిగి తీసుకునే హక్కు మనకు ఉంది. చూస్తే మూడు పేజీల నివేదికలో ఆ జానెడు మరక గురించి ఒక పేరా నిండా ఉంది, ఊడిపడిన సీలింగు గురించి ఒక్క వాక్యం ఉంది. ఎల్బో ఊసే లేదు.

కంపెనీలో ఫిర్యాదుల అధికారి ఒకరు ఉంటారు, ఆయన ఈమెయిలు చిరునామా పాలసీలోనే ఉంటుంది. ఆయనకు ఉత్తరం రాశాను. కోపం ఎంత ఉన్నా అందులో పెట్టలేదు. గోడ అడుగున ఉన్న చెమ్మ నేల నుంచి పైకి ఎక్కినది, అది జానెడు దాటలేదు. పుట్టీ లేచిపోయింది సీలింగు నుంచి కిందికి. మధ్యలో మూడడుగుల గోడ ఏ మచ్చా లేకుండా ఉంది. కింది నీళ్ళు పైకి ఎక్కి సీలింగును ఊడగొట్టలేవు. నెలల తరబడి ఊరితే మా బోరు నీళ్ళకు ఎల్బో విరిగిన చోట ఉప్పు కట్టి ఉండాలి, కట్టలేదు, ఇదిగో ఫోటో. ఇంతవరకూ బాగానే ఉంది, కానీ పండక్కి ముందు ఆ సీలింగు, ఆ పైగోడ ఎలా ఉండేవో చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మన పడకగది గోడకు మనం ఫోటో ఎందుకు తీస్తాం?

అది మా అమ్మ దగ్గర దొరికింది. మా అమ్మాయి ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటోంది. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలుగా ఉన్న కళాశాల అది. ధనుర్మాసంలో పిల్ల పొద్దున్నే సాధన చేస్తుంటే వీడియో తీసి వాళ్ళ అమ్మమ్మకు పంపేదాన్ని. నా ఫోనులో చోటు చాలక ఎప్పటికప్పుడు చెరిపేస్తాను. మా అమ్మ ఫోనులో మాత్రం ఏదీ చెరగదు, శుభోదయం పువ్వులతో సహా. సరిగ్గా భోగికి ముందు వారంలో పంపిన వీడియోలో పిల్ల చాప మీద కూర్చుని వాయిస్తుంటే వెనక అదే గోడ, అదే మూల, దాని పైన అదే సీలింగు. తెల్లగా, పొడిగా, ఒక్క మరక లేకుండా. పంపిన తేదీ కూడా కనిపిస్తోంది. దాన్నీ జతచేశాను.

అక్కడ జవాబు రాకపోతే నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా అనే వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, 155255కు ఫోను కూడా చేయవచ్చు. అక్కడా తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి తగాదాలు విని తేల్చే అధికారి, ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులు అక్కడికే వెళ్తాయి, 50 లక్షల దాకా వింటారు, రుసుము లేదు, లాయరు అక్కరలేదు. అయితే ముందు కంపెనీకి ఫిర్యాదు రాసి ఉండాలి, వాళ్ళు కాదనాలి, లేదా నెల రోజులు పలకకుండా ఉండాలి. మాకు అంత దూరం వెళ్ళే అవసరం రాలేదు. బీమా భరోసాలో నమోదు చేసిన కొద్దిరోజులకే సర్వేయరు గారు ఫోను చేసి, మళ్ళీ వచ్చి చూస్తానన్నారు. ఈసారి ఎల్బోను కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. వీడియో చూసి, “పాప బాగా వాయిస్తోంది” అన్నారు. ఆయన మీద ఉన్న కోపంలో సగం అక్కడే పోయిందని ఒప్పుకోక తప్పదు.

ఇక లెక్కలు. మేస్త్రి ఇంటి మరమ్మతుకు 1,62,000 అంచనా రాసిచ్చాడు. అందులో “ఎలాగూ పని పెట్టుకున్నాం కదమ్మా” అని మేడ మీద వాటర్‌ప్రూఫింగుకు 45,000 కలిపేశాడు. సర్వేయరు మొదట కొట్టేసింది అదే. జరిగిన నష్టానికి డబ్బిస్తారు గానీ, ఇంటిని ఇంతకు ముందు కంటే మెరుగు చేసుకోవడానికి ఇవ్వరు. రంగులు కూడా తడిసిన గదుల వరకే అన్నారు, అక్కడ 14,000 పోయింది. అలమరాకు 68,000 అడిగితే పూర్తిగా ఒప్పుకున్నారు. రెండు పరుపులకు 18,000 అడిగితే ఎండిన తర్వాత ఒకటి బాగానే ఉందని సగమే ఇచ్చారు. ఆ బాగానే ఉన్న పరుపు మీద ఆయన పడుకుని చూస్తే తెలిసేది.

వీణ దగ్గర చిక్కు వచ్చింది. అది బొబ్బిలి వీణ, పనస కర్రది. గొల్లపల్లిలో తయారుచేసే వాళ్ళ ఇంటి దగ్గరే చేయించుకున్నాం, బిల్లు లేదు. తడికి కుండ మీది పలక ఒక అంచున లేచింది, మైనం పట్టు వదిలి తీగల కింది మెట్లు కొన్ని కదిలాయి. బిల్లు లేని వస్తువుకు విలువ ఎలా కట్టను అన్నారు సర్వేయరు. కొత్తది ఇమ్మని మేము అడగడం లేదు కదా. వీణను జాగ్రత్తగా బొబ్బిలి తీసుకెళ్తే, చేసిన ఆయనే చూసి పలక తీసి అతకాలి, మైనం కొత్తగా పోసి మెట్లు మళ్ళీ స్వరస్థానాల్లో నిలపాలి, 11,000 అవుతుందని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. ఆ కాగితం, ఫోటోలు, అదే వీడియో ఇస్తే మొత్తం ఒప్పుకున్నారు. పాత సామానుకు బిల్లులు లేవని క్లెయిము మానుకునే వాళ్ళు ఇది గమనించాలి. బాగుచేసే మనిషి రాసిచ్చిన అంచనా కూడా కాగితమే.

అలా 2,59,000 అడిగితే 1,91,000 మంజూరైంది. అయిపోయిందనుకున్నాం. కానీ రుణం ఉన్న ఇంటి పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది, ఆ షరతు ప్రకారం క్లెయిము డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. అంటే గోడలు అలాగే ఉంటాయి, రుణం కొంచెం తగ్గుతుంది. వాయిదాలు ఒక్కటీ తప్పకుండా కడుతున్నామని చూపించి, మరమ్మతు డబ్బు మా ఖాతాకే ఇవ్వడానికి అభ్యంతరం లేదని ఉత్తరం ఇమ్మని మేనేజరు గారిని అడిగాను. పై ఆఫీసుకు రాయాలన్నారు, రాశారు, ఉత్తరం వచ్చింది. క్లెయిము చెప్పిన రోజే ఈ ఉత్తరం కూడా అడిగి పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే దీనికి ఏ గడువూ లేదు.

డబ్బు పడిందని ఫోనుకు సందేశం రాగానే మేస్త్రికి కబురు చేశాను. వచ్చి గోడలు చూసి, పండగ నాటి అంచనా ఇప్పుడు చెల్లదన్నాడు. సిమెంటు పెరిగిందట, కూలి పెరిగిందట, పైగా ఇప్పుడు గోడ బాగా ఆరిపోయింది కాబట్టి గీకడం కష్టమట. వాటర్‌ప్రూఫింగు సొంత డబ్బుతో చేయిస్తామంటే పాత రేటుకే ఒప్పుకున్నాడు.