ఒక ఫొటో, 34 గెంతులు

ఒక ఫొటో పోటీకి పంపాలని అనుకున్న ఫ్రేము ఇది: ఒకాయన కుర్చీ లేకుండా గాల్లో కూర్చుని తాపీగా పుస్తకం చదువుకుంటూ ఉంటాడు. పక్కనుంచి బకెట్ నీళ్ళు గోడలా లేచి మీద పడబోతుంటాయి. ఆయన మాత్రం తలెత్తి చూడడు. నవ్వు పుట్టేదల్లా ఆ పట్టించుకోకపోవడంలోనే.

పోటీ నిబంధనలు ముందే చదివాను కాబట్టి సగం నిర్ణయాలు వాటంతట అవే అయిపోయాయి. రెండు ఫొటోలు అతికించకూడదు. తాడో స్టూలో పెట్టి తర్వాత చెరిపెయ్యకూడదు. క్రాప్, వెలుగు, రంగు సర్దుకోవచ్చు. చివరి వడపోతకు మిగిలినవాళ్ళు రా ఫైలు (కెమెరా తీసిన, ఏ మార్పూ చెయ్యని అసలు ఫైలు) చూపించాలి. అంటే మనిషి నిజంగా ఎగరాలి, నీళ్ళు నిజంగా లేవాలి, రెండూ ఒకే క్లిక్కులో పడాలి. 1948లో ఫొటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్ తీసిన ఫొటోలో చిత్రకారుడు సాల్వడార్ డాలీ, పిల్లులు, నీళ్ళు అన్నీ గాల్లోనే ఉంటాయి. దానికి పాతిక సార్లకు పైగా ప్రయత్నించాల్సి వచ్చింది. అందులోనూ ఈజిల్‌ని (బొమ్మలు గీసే స్టాండుని) తీగలతో వేలాడదీశారు, కుర్చీని పక్కనుంచి ఒకరు పట్టుకున్నారు. నిజంగా కదిలేవి ఎంత తక్కువైతే అంత మేలు. పిల్లుల జోలికి నేను పోలేదు.

ఇలాంటి ఫొటోకి చురుకైన వేలు కావాలనుకుంటారు గానీ, అక్కరకొచ్చేది గెంతు కొస, అంటే మనిషి అన్నిటికంటే పైకి చేరిన క్షణం. 30 సెంటీమీటర్లు ఎగిరితే పైకి పావు సెకను, కిందికి పావు సెకను. కొసకు చేరాక ఇరవయ్యో వంతు సెకనులో మనిషి దిగేది సెంటీమీటరు పైచిలుకే. కొసకు ముందూ అంతే. అంటే పదో వంతు సెకను పాటు దాదాపు కదలకుండా ఉంటాడు. సెకనుకు 10 ఫ్రేములు తీసే కెమెరాకి అందులో ఒకటి దొరికి తీరుతుంది. నీళ్ళకూ అలాంటి కొసే ఉంటుంది. ఈ రెండు కొసలూ ఒకే క్షణంలో కలవాలి. తంటా అంతా అక్కడే.

కెమెరా ఏపీఎస్‌సీ (ఫుల్ ఫ్రేము కంటే చిన్న సెన్సరుది), లెన్సు 35 ఎంఎం, ఎపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6. షట్టర్ తెరుచుకునేది సెకనులో 1/2000 వంతు. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోయే నీటిచుక్క 1/2000లో రెండున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది, అది చుక్కలానే కనబడుతుంది. 1/500కి దిగితే సెంటీమీటరు గీత అవుతుంది. ఎండ వెనకనుంచి రావాలి, లేకపోతే నీళ్ళు మెరవవు. మరి ముఖం నీడలో పడుతుంది కదా, అందుకని ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 800. మామూలు ఎండ లెక్కకు ఇది ఎక్కువే గానీ ముఖానికి సరిపోయింది. ఆకాశం కాస్త తెల్లబడినా ఒప్పుకున్నాను.

ఫోకస్ మాత్రం ఆటోకి వదలకూడదు. మొదటి నాలుగు గెంతుల్లో అది ముందుకొచ్చిన చుక్కల్ని పట్టుకుని మనిషిని మసక చేసింది. నేలమీద టేపు గుర్తు వేసి, అక్కడ మనిషిని నిలబెట్టి, మూడు మీటర్ల దూరానికి ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చాను. ఈ లెన్సుకి ఎఫ్ 5.6 దగ్గర సుమారు 2.4 నుంచి 4.1 మీటర్ల వరకు స్పష్టంగా వస్తుంది, మనిషి అరడుగు ముందుకు దిగినా బాధ లేదు. ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేసి మెకానికల్ పెట్టాలి. లేకపోతే వేగంగా కదిలేవి ఏటవాలుగా సాగిపోతాయి. కెమెరా నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచితే అదే గెంతు ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. పైన పారదర్శకమైన కవరు, లెన్సు హుడ్ దగ్గర రబ్బరు బ్యాండు.

ఇక నీళ్ళు. నిండు బకెట్ ఎవరూ పైకి విసరలేరు, చెంబుతో పోస్తే దారంలా వస్తుంది. మూడు లీటర్లు సరిగ్గా సరిపోయాయి. బకెట్‌ని పక్కకు ఊపి ఉన్నట్టుండి ఆపెయ్యాలి, అప్పుడు నీళ్ళు విచ్చుకుని పలుచటి తెరలా లేస్తాయి. బకెట్‌ని ఆపకుండా చేయి చివరిదాకా పోనిస్తే ముద్దగా పడతాయి. విసిరేవారు ఫ్రేము బయట, రెండు మీటర్ల దూరంలో.

"ఒకటి, రెండు, మూడు" అనగానే ఇద్దరూ మొదలుపెట్టారు. పదకొండు గెంతులు వృథా. మనిషి పైకి లేచేసరికి నీళ్ళు దిగిపోతున్నాయి. పక్కనుంచి ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి ఒక్కో ఫ్రేమూ లెక్కపెడితే సంగతి తెలిసింది: నీళ్ళ కొస మనిషి కొసకంటే 52 ఫ్రేములు ముందుంది. అంటే ఐదో వంతు సెకను పైనే. ఆ కాస్త వ్యవధిలో నీళ్ళు 23 సెంటీమీటర్లు జారిపోతాయి. గెంతే మనిషి ముందు మోకాళ్ళు వంచాలి, ఊతం తీసుకోవాలి, ఆ ఆలస్యం ఎవరికీ గుర్తుండదు.

"మూడు తర్వాత కొంచెం ఆగి విసురు" అంటే ఆ కొంచెం ప్రతిసారీ మారిపోయింది. చివరికి లెక్కించడమే మానేశాం. గెంతే మనిషి తనకు వీలైనప్పుడు మొదలుపెడతాడు. విసిరేవారు ఆయన మోకాళ్ళనే చూస్తూ, అవి వంగడం కనబడగానే ఊపుతారు. కళ్ళతో చూసి చేయి కదిలించడానికి మనిషికి పట్టేది ఇంచుమించు ఐదో వంతు సెకనే. కావలసిన ఆలస్యం దానంతటదే వచ్చేసింది. తర్వాతి గెంతు నుంచే నీళ్ళూ మనిషీ కలిసి కనబడడం మొదలైంది. మోకాళ్ళు వంగగానే నేనూ బటన్ నొక్కి పట్టుకుంటాను. అంతకంటే ముందు నొక్కితే బఫర్ (ఫొటోలు కార్డుకి చేరేలోపు ఆగే మెమరీ) నిండి కెమెరా నీళ్ళ దగ్గరికొచ్చేసరికి నీరసపడుతుంది.

మనిషి విషయంలో తప్పులు మరో రకం. చొక్కా పైకి లేచి కూర్చున్న భంగిమ అంతా చెడింది. లోపలికి దోపి ప్యాంటుకి నాలుగు పిన్నీసులు పెట్టాం. పుస్తకం రెపరెపలాడుతుంటే పేజీలను జిగురుతో రెండు దిమ్మలుగా అతికించి, అట్టకు ప్లాస్టిక్ చుట్టాం. పుస్తకం గడ్డం దగ్గర ఉంటే ముఖం పోతుంది, ఛాతీ కిందికి దించాలి. అన్నిటికంటే కష్టం ముఖమే: ఎగిరేవాళ్ళు పళ్ళు బిగిస్తారు, నీళ్ళొస్తున్నాయని తెలిస్తే కళ్ళు మూస్తారు. పేజీలో ఒక పదం చుట్టూ ఎర్ర గీత గీసి, దాన్నే మనసులో చదవమన్నాను. పెదవులు వాటంతటవే సడలాయి. మోకాళ్ళు కొస దగ్గరే మడిచి వెంటనే చాపాలి, ఆలస్యమైతే మడమలమీద పడతారు. తడి సిమెంటు నేల జారుతుంది; రబ్బరు అడుగు బూట్లు, ప్రతి మూడు గెంతులకోసారి నేల తుడవడం. అందుకే రెండు గంటలు పట్టింది.

34 గెంతుల్లో పనికొచ్చినవి రెండు. ఒకదానిలో నీళ్ళు భుజాన్ని తాకేశాయి. చూడటానికి ఘనంగా ఉంది గానీ చొక్కా తడవగానే చదువుతున్నవాడి ధీమా పోయింది. రెండోదానిలో నీటి తెర చెవికి జానెడు దూరంలో ఉంది, పేజీమీద ఒక్క చుక్కా లేదు. కింద నేలమీద నీడ కాళ్ళకు విడిగా పడింది, గాల్లో ఉన్నాడనడానికి అదే రుజువు. ఎడమ అంచున బకెట్ కొస తొంగిచూస్తుంటే క్రాప్ చేసి, ముఖం నీడను కాస్త పైకి లేపి, దాన్నే పంపాను.