ఎరువు తక్కువైనా కంకి పట్టే మొక్కజొన్న

నత్రజని తక్కువున్న నేలకు సరిపడే మొక్కజొన్న రకం అనగానే ఇక యూరియా అక్కర్లేదని కొందరు సంబరపడిపోతారు. అదేం లేదండీ. ఒక టన్ను గింజ రావాలంటే పైరు మొత్తం సుమారు 20 కిలోల నత్రజని లాగుతుంది, అది ఎక్కడి నుంచో రావాల్సిందే. ఈ రకాలు చేసేదల్లా నేలలో ఉన్న కాస్తనీ లోతుకు వేరు దింపి పట్టుకోవడం, దాన్ని ఆకుల్లో వృథా చేయకుండా గింజకి చేర్చడం.

నాకు చిరాకు తెప్పించేది ఏంటంటే, ఎరువు దండిగా వేసిన మళ్లలో పరీక్షించిన హైబ్రిడ్‌నే బక్క నేలకూ సిఫారసు చేసేస్తారు. అక్కడ ఫస్ట్ వచ్చింది ఇక్కడ ఫస్ట్ రావాలని రూలేం లేదు. మెక్సికోలో ఉన్న అంతర్జాతీయ పరిశోధన కేంద్రం సిమ్మిట్ వాళ్లు ఇందుకే కొన్ని మళ్లకు ఎరువు వేయకుండా వరుసగా పంటలు తీసి, చొప్ప కూడా బయటికి పంపేసి, కావాలనే నేలను నిస్సారం చేసి, అందులో నిలబడిన రకాలనే ఎంచుకున్నారు. ఆఫ్రికా నేలల కోసం 2010లో మొదలైన పెద్ద ప్రాజెక్టు కూడా ఈ దారిలోనిదే.

అలాంటి మడిలో దిగుబడి ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే బక్క నేల అంతటా ఒకేలా ఉండదు, నాలుగడుగులకో రకంగా ఉంటుంది. అందుకే పూత చూస్తారు. మొక్క కొసన వచ్చే మగపూత, అంటే జల్లు, పుప్పొడి రాల్చడం మొదలయ్యాక రెండు మూడు రోజుల్లో కంకికి పీచు బయటికి రావాలి. తిండి చాలని మొక్క జల్లు వేసేస్తుంది గానీ పీచు మాత్రం వారం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఆలస్యం చేస్తుంది, ఈలోపు పుప్పొడి అయిపోతుంది, కంకి బోసిగా మిగిలిపోతుంది. ఈ ఎడం తక్కువుండే రకం, గింజ నిండేదాకా కింది ఆకులు పచ్చగా నిలుపుకునే రకం అయితే నమ్మొచ్చు.

మెక్సికోలో వహాకా కొండల్లో ఒక నాటు రకం ఉంది, ఊత వేర్ల నుంచి కారే జిగురులో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది. 2018లో వచ్చిన పరిశోధన ప్రకారం దాని నత్రజనిలో 29 నుంచి 82 శాతం గాలిదే. అద్భుతమే, కానీ చాలా పొడవు పెరుగుతుంది, కోతకి నెలల తరబడి ఆగాలి, కాబట్టి మనం రేపే వేసుకునే విత్తనం కాదది.

ఇంకో మాట. పొదుపుగా తినే రకమైనా నేలలోంచే తింటుంది. ఏమీ తిరిగివ్వకుండా ఏటా అదే వేస్తే ఉన్నది కూడా ఊడ్చుకుపోతుంది. మధ్యలో కందో అలసందో వేయండి, కాస్త ఎరువుంటే మోకాలెత్తు దశకి ఉంచుకోండి, అసలు ఆకలి అప్పుడే మొదలవుతుంది.

రకం మార్చే ముందు పొలంలో ఒక మూల యూరియా వేయకుండా వదిలి, రెండు మూడు రకాలు పక్కపక్కనే నాటి, జల్లు తేదీ, పీచు తేదీ రాసుకుంటే చాలు. ఆ మూలలో అంతకుముందు పప్పు పంట వేసి ఉండకూడదు, వేసుంటే అది నేలలో వదిలిన నత్రజనితో అన్ని రకాలూ బాగానే కనిపిస్తాయి.