చిల్లర దేవుళ్లు చదివాక

దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ మొత్తానికి పూర్తి చేశాను. నవల బాగా నచ్చింది కానీ ఆ వచనంతోనే నాకు పూర్తిగా పొసగలేదు. కథనమంతా పొట్టి పొట్టి వాక్యాలు, ఒక్కోచోట రెండు మూడు మాటలకే చుక్క పడుతుంది, ఒక మనిషి మనసులోకి వెళ్దామనుకునేలోపే రచయిత మనల్ని ముందుకు లాక్కెళ్తాడు. నవలలో పాటగాడు సారంగపాణి సంగీతం దగ్గర ఇంకాసేపు ఆగితే ఎంత బాగుండేదో!

అదే మనుషులు నోరు తెరిస్తే చాలు, ఆ అసంతృప్తంతా పోతుంది. 1948 పోలీసు చర్యకు ముందటి ఊరు, గడీ, వెట్టి, దొర ముందు ‘నీ బాంచెన్’ అంటూ వంగిపోయిన మనిషి, మధ్యమధ్యలో ఉర్దూ మాటలు, అచ్చం మా వైపు పెద్దోళ్లు మాట్లాడినట్టే ఉంది. ఆయనది మన మహబూబాబాద్ వైపు చిన్నగూడూరు కదా, ఆ మాట వింటూనే పెరిగారు.

హన్మకొండలో ఇంటికి వెళ్లినప్పుడు బాపుకి కొన్ని పేజీలు పైకి చదివి వినిపిస్తే, ఫోన్ పక్కన పెట్టి ‘అది ఇంకోసారి చదువు బిడ్డా’ అన్నాడు. పైకి చదువుతుంటే ఆ పొట్టి వాక్యాలు ఊపిరికి సరిగ్గా సరిపోయాయి. మనసులో చదువుకునేటప్పుడు మాత్రం నాకిప్పటికీ గతుకుల రోడ్డు మీద బస్సెక్కినట్టే ఉంది. తర్వాత ఆయనదే ఇంకో నవల ‘మోదుగుపూలు’ మొదలుపెడతాను.