రథాల పందెమా, గుక్కెడు నీళ్లా?

‘బెన్‌హర్‌’ సినిమాను పల్లెల్ల తెర కట్టి చూపిస్తే ఏ సీను నిలబడతది? 1959 నాటి ఈ సినిమా బొమ్మ చాలా వెడల్పు: ఎత్తు 1 అయితే వెడల్పు 2.76. నల్లగొండ పల్లెల్లో చర్చి ముంగట 10 అడుగుల వెడల్పు తెర కడితే బొమ్మ ఎత్తు మూడున్నర అడుగులు దాటి రవ్వంత, అంతే. రథాల పందెం చీమల బారైతది. తెర నిండాలని జూమ్ చేస్తే మరీ నష్టం. మామూలు టీవీ కొలతకు నింపితే పక్కల మూడో వంతుకు పైగా పోతది.

నజరేతు సీను మాత్రం ఎంత చిన్న తెర మీదైనా నిలబడతది. దాహంతో కూలిన ఖైదీకి, అంటే కథానాయకుడు బెన్‌హర్‌కు, యేసు నీళ్లు తాపుతడు. ఆపబోయిన రోమన్ సైనికుడు ఆయన ముఖం చూసి తడబడతడు. ఆ ముఖం మనకు చూపరు! ఫ్లోరైడ్ నీళ్ల గోస పడ్డ ఊర్లకు ఆ గుక్క విలువ విడమరిచి చెప్పాల్నా?

చివర్ల సిలువ మోసే యేసుకు ఆ ఖైదీయే నీళ్లు తెస్తడు. నిడివి మూడున్నర గంటలు. పొద్దుపోయిందని పందెం కాంగనే ఆపితే ఈ సీనే పోతది.