పాత సీరియల్ టైటిల్ మ్యూజిక్ ఎవరిదో ఎలా కనిపెట్టానంటే

యూనివర్సల్ వాళ్లు 1940లో ‘ఫ్లాష్ గోర్డన్ కాంకర్స్ ది యూనివర్స్’ అని 12 భాగాల సీరియల్ తీశారు. టీవీ సీరియల్ కాదు, అప్పట్లో అమెరికా థియేటర్లలో వారానికో భాగం చొప్పున వేసేవాళ్లు, ప్రతి భాగమూ హీరో ప్రాణం మీదికి వచ్చిన చోట ఆగిపోయేది. పాత సైన్స్ ఫిక్షన్ మీద ఇష్టంతో చూడటం మొదలుపెట్టాను గానీ, నన్ను కట్టిపడేసింది టైటిల్స్ దగ్గర వచ్చే సంగీతం. అంత గంభీరమైన ఆర్కెస్ట్రా తక్కువ ఖర్చుతో చుట్టేసే సీరియల్ కోసం కొత్తగా రాసింది అయ్యుండదని గట్టిగా అనిపించింది. టైటిల్స్‌లో ఎంత చూసినా స్వరకర్త పేరు నాకు కనిపించలేదు.

ముందు ఫోన్‌లో పాటను గుర్తుపట్టే యాప్ పెట్టాను, ఏమీ రాలేదు. అలాంటి యాప్‌లు చాలావరకు రాగాన్ని గుర్తుపట్టవు, ఫలానా రికార్డింగును మాత్రమే గుర్తుపడతాయి. అదే కృతిని వేరేవాళ్లు వాయిస్తే వాటికి కొత్తే. అందుకని ఆ ముక్కని కత్తిరించి, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో శృతి మారకుండా వేగం తగ్గించి, మళ్లీ మళ్లీ తిప్పుతూ స్వరాలు రాసుకున్నాను. పాత ప్రింట్లలో ఫిల్మ్ వేగం తేడాల వల్ల శృతి అటూ ఇటూ అయిపోతుంది, కాబట్టి అసలు ఏ శృతిలో ఉందన్నది పట్టించుకోకుండా ఆధార షడ్జం (స) పెట్టుకుని మిగతావి దాన్నిబట్టి రాశాను. కర్ణాటక సంగీతం కాస్తయినా నేర్చుకున్నవాళ్లకి ఇది కష్టమేం కాదు. తేలింది ఇదీ: స, కింది ని, పైకి గ. షడ్జం నుంచి మంద్ర కాకలి నిషాదానికి, అంటే సకి సరిగ్గా కిందనుండే నికి దిగి, అక్కణ్ణుంచి గాంధారానికి (గ) ఎగరడం. మొత్తం మహల్ అంతా ఈ మూడు స్వరాల మీదే నిలబడింది.

వెతకడానికి రెండు దారులున్నాయి. ఒకటి, 1975లో డెనిస్ పార్సన్స్ అనే ఆయన పెట్టిన పద్ధతి: ప్రతి స్వరం ముందుదాని కంటే పైకి వెళ్లిందా, కిందికి వెళ్లిందా, అదే మళ్లీ వచ్చిందా అని మాత్రమే రాసుకుంటే చాలు. మ్యూజిపీడియా సైట్‌లో ఇలా వెతకొచ్చు. చెవి అంత పక్కాగా లేనివాళ్లకి మంచిదే, కానీ ‘కిందికి, పైకి’ అని మొదలయ్యే కృతులు లెక్కలేనన్ని. రెండోది, బార్లో, మోర్గన్‌స్టెర్న్ కలిసి 1948లో వేసిన ‘ఎ డిక్షనరీ ఆఫ్ మ్యూజికల్ థీమ్స్’. దాదాపు 10,000 థీమ్స్ ఉంటాయి. అన్నిటినీ ఒకే శృతికి మార్చి, స్వరాల అక్షరక్రమంలో వెనక సూచిక ఇచ్చారు. మన పద్ధతికి ఎంత దగ్గరో!

చివరికి నా చేతిలో మిగిలినవి రెండు, సెజార్ ఫ్రాంక్ 1888లో ముగించిన సింఫనీ, ఫ్రాంజ్ లిస్ట్ రాసిన ‘లే ప్రెల్యూడ్’ అనే ఆర్కెస్ట్రా కృతి. రెండిట్లోనూ అదే దిగడం, అదే ఎగరడం. మా అక్క వీణ వాయిస్తుంది, క్లిప్ పంపితే వెంటనే ఫోన్ చేసి, “అది అంతర గాంధారం రా, సాధారణం కాదు, సరిగ్గా విను” అంది. గలో కిందిది సాధారణ గాంధారం, దానికి కాస్త పైది అంతర గాంధారం. తేడా అంతా అక్కడే ఉంది. ఫ్రాంక్ థీమ్‌లో గాంధారం సాధారణమే, లిస్ట్‌ది అంతరం. పాత కృతుల స్వరలిపి ఉచితంగా దొరికే ఐఎంఎస్ఎల్‌పీ సైట్‌లో లిస్ట్ స్కోర్ తెరిచి చూస్తే ట్రాంబోన్లు, బసూన్లు, కింది తంత్రీ వాయిద్యాలు కలిసి పలికే చోట నేను రాసుకున్న స్వరాలే ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

లిస్ట్ దీన్ని 1854లో వైమార్‌లో తనే కండక్ట్ చేస్తూ మొదటిసారి వినిపించాడు. ఆయన 1886లోనే పోయాడు కాబట్టి స్టూడియోకి హక్కుల ఖర్చు లేదు, పైగా పది మంది రాసినా రానంత హుందాతనం ఉచితంగా దొరికింది. 1931 ‘డ్రాకులా’ టైటిల్స్‌కి చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ వాడింది కూడా యూనివర్సలే. సొంత సినిమాల సంగీతాన్నీ వదల్లేదు, 1935 ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’కి ఫ్రాంజ్ వాక్స్‌మన్ రాసింది ఫ్లాష్ గోర్డన్ సీరియల్స్‌లో మళ్లీ వినిపిస్తుంది. అది పట్టుకోవడానికి ఏ సూచికా పనికిరాలేదు, ఆ సినిమా చూడాల్సిందే.

నన్ను బాగా కలచివేసిన సంగతి ఇంకోటి ఉంది. అమెరికా పిల్లలు ఫ్లాష్ గోర్డన్ కోసం ఈ సంగీతం విన్న మరుసటి ఏడాదే, 1941లో, రష్యా మీద దాడిలో తమ విజయాలు ప్రకటించే ముందు నాజీ జర్మనీ రేడియో ఫాన్‌ఫేర్‌గా, అంటే ప్రకటనకి ముందు మోగించే బాకా సంగీతంగా, వినిపించిందీ ఇదే లిస్ట్ కృతి. రాసినాయనకి రెండిట్లో దేనితోనూ సంబంధం లేదు. అందుకే ఇప్పుడు మొత్తం కృతిని, సీరియల్నీ యుద్ధాన్నీ పక్కనపెట్టి, దాని కోసమే వింటున్నాను. పావుగంట పైచిలుకు ఉంటుంది.

మీరూ ప్రయత్నించాలనుకుంటే టైటిల్స్‌తోనే మొదలుపెట్టండి. ఫైట్ సీన్లలో సంగీతం మీద రాకెట్ల మోత, డైలాగులు పడి నిషాదం కూడా వినబడదు. భాగం మొదట్లో మాటల్లేకుండా వచ్చే ఆ కొద్ది సెకన్లు చాలు.