కిరణ్‌కు మళ్లీ రంగు

దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కిరణ్ విమానాలకు మరమ్మతులు చేసి రిటైరైనవాణ్ని. ఒక ఇంజినీరింగ్ కాలేజీవారు పిలిచి, ఏళ్ల తరబడి గేటు దగ్గర ఎండావానల్లో నిలబెట్టిన తమ కిరణ్‌ను కొత్త మ్యూజియం హాల్లోకి చేర్చాలనీ, ‘కాస్త రంగు వేయిస్తే చాలు’ అనీ అన్నారు. రంగు సంగతి చివర్లో చూద్దామన్నాను.

ముందు చూసింది సీట్లనే. ప్రమాదంలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేసే మార్టిన్ బేకర్ ఎజెక్షన్ సీట్లలో మందుగుండు ఉంటుంది. తీసేసినట్టు కాగితం ఉంది కానీ, కాగితాన్ని నమ్మి కాక్‌పిట్‌లో కూర్చోవడం నాకు అలవాటు లేదు. టార్చి వేసి నా కళ్లతో చూసుకున్నాకే కుర్రాళ్లను ఎక్కనిచ్చాను.

రెక్కల నిడివి 10.7 మీటర్లు. హాలు తలుపు అందులో సగం కూడా లేదు. రెక్కలు విప్పక తప్పలేదు. బిగుసుకుపోయిన బోల్టుల మీద సుత్తి పడితే అతుకులు చెడతాయి కాబట్టి నాలుగు రోజులు నూనె పట్టిస్తూ కూర్చున్నాం. అందరికీ విసుగు వచ్చింది, నాకు తప్ప.

అసలు రోగం బయటపడింది అప్పుడే. పొట్ట కింద నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. వాటిని కందిరీగలు మట్టితో పూడ్చేశాయి, ఆపైన ఎవరో ఇంటి గేట్లకు వేసే ఎనామెల్ పూశారు. వెదురుపుల్లతో ఒకటి పొడిచాను. నల్లటి నీళ్లు సగం బకెట్ కారాయి. లోపల స్టీలు బోల్టు అల్యూమినియాన్ని తాకిన ప్రతిచోటా తెల్లటి పొడి. అల్యూమినియానికి ఎర్రతుప్పు పట్టదు, ఇలా పిండిపిండిగా రాలిపోతుంది. తడిసిన చోట ఈ రెండు లోహాలు ఆనుకుంటే అల్యూమినియమే తినేసుకుపోతుంది.

పాత ప్రైమర్‌లో క్రోమేట్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. అందుకే మాస్కులు పెట్టుకుని, వాటర్ పేపర్‌తో తడిపి తడిపి రుద్దాం. ఇనుప బ్రష్ ముట్టనివ్వలేదు. దాని పోగులు రేకులో దిగబడితే మళ్లీ అదే రోగం. మూడు పొరలు దాటాక తోక దగ్గర ‘యు’ అక్షరం, దాని పక్కన అంకెలు తేలాయి, అదే విమానం నంబరు. నా చేతి కింద నుంచి వెళ్లిన విమానమేనేమోనని పాత డైరీలు తిరగేశాను. కాదు. ఆ పూట అన్నం సహించలేదు.

పెయింటర్ వాయుసేన గుండ్రటి గుర్తును తిరగేసి వేశాడు: మధ్యలో కాషాయం, బయట ఆకుపచ్చ.

“జెండాలో కాషాయమే కదా సార్ ముందు?”

“వాయుసేన గుర్తులో కాషాయం బయట, ఆకుపచ్చ నడుమ తమ్ముడూ.”

పాపం, మారు మాట్లాడకుండా చెరిపి మళ్లీ వేశాడు.

టైర్లలో గాలి నింపలేదు, బరువంతా స్టాండ్ల మీద మోపాం. రెక్క మీద ‘అడుగు పెట్టరాదు’ అన్న ఇంగ్లీషు హెచ్చరికను స్టెన్సిల్‌తో అచ్చం పాతదానిలాగే దించాం. హాలు తెరిచిన రోజే ఒక విద్యార్థి ఫొటో కోసం సరిగ్గా దాని మీదే కాలు పెట్టాడు. మర్నాడు స్టూలు వేసుకుని, రెక్క పక్కన బోర్డు మీద అదే మాట తెలుగులో రాసి వచ్చాను.